మూల దాకా నీలి పట్టీ

ఆ రోజు మా ఇంట్లో నాయనమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, చెల్లి ఉంది, రంగులు వేసే మామయ్య ఉన్నాడు, జలుబు చేసి బడి మానేసిన నేను ఉన్నాను. వీళ్లు కాక చిన్న బడి మొత్తం ఉంది.

మాటవరసకి అనడం లేదు, నిజంగానే బడి మొత్తం. ఒకటో తరగతి వాళ్లు వంటగదిలో, రెండు మూడు తరగతుల వాళ్లు నాన్న కుట్టుమిషన్ చుట్టూ, మిగిలిన పెద్దవాళ్లు నాయనమ్మ మంచం మీదా, మంచం కిందా. తెల్లవారినప్పటి నుంచి ఎడతెరిపి లేని వాన. బడి గదిలో పెంకుల సందుల్లోంచి నీళ్లు కారి, తడవకుండా కూర్చునే చోటు అంతకంతకూ తగ్గిపోయి, చివరికి అందరూ ఒక మూలకి చేరి నిలబడ్డారట. ఇక లాభం లేదని అమ్మ, ఒకరి చొక్కా ఒకరు పట్టుకోమని, అందర్నీ రైలుబండిలా ఇంటికి తీసుకొచ్చేసింది. ఆ బడికి అమ్మే టీచరు. వేరే టీచరు లేదు.

నాన్న దర్జీ. ముందుగదిలో ఆయన కత్తిరింపుల బల్ల కింద చేరిన పిల్లలు గుడ్డపీలికలు ఏరి ఎరుపు ఒక కుప్ప, పసుపు ఒక కుప్ప పెడుతున్నారు. అమ్మ అలమారా తలుపుని బోర్డు చేసుకుని ఎక్కాలు రాస్తోంది. గుడ్డ మీద గీత పెట్టడానికి నాన్న సుద్ద కోసం బల్లంతా తడుముకుని, తలెత్తి అలమారా వైపు చూశాడు.

"అది నా సుద్దేనా?"

"రెండో ఎక్కం అయ్యాక ఇస్తా," అంది అమ్మ వెనక్కి తిరక్కుండానే.

చిన్న బడి గదికి తలుపు లేదు. ఒకప్పుడు ఉండేదట, చెదలు తినేశాయి. దాని బదులు నాన్న గోనెసంచులు కలిపి కుట్టిన పరదా వేలాడుతుంది. అటుపక్కే రోడ్డు. లారీలు, ట్రాక్టర్లు, పక్కనున్న పెద్ద బడి పిల్లల గోల, అన్నిటి మీదా వినపడేలా అమ్మ పాఠం చెప్పాలి. అందుకే సాయంత్రం ఇంటికొచ్చాక ఉప్పు వేసిన వేడినీళ్లు పుక్కిలించి, ఇక ఏం కావాలన్నా చేత్తో సైగ చేస్తుంది. మా ఇంట్లో మాట్లాడనివాళ్లు ఇద్దరు. అమ్మ గొంతు అరిగిపోయి మాట్లాడదు. నేను ఊరికే మాట్లాడను.

మధ్యాహ్నం గుమ్మం దగ్గర ఒక పెద్ద నల్ల గొడుగు కనపడింది. దాని కింద పెద్ద బడి హెడ్మాస్టరు. ఊళ్లో అందరూ ఆయన్ని ఆడిట్ సారు అంటారు, ఆయన ఏ మాట మొదలుపెట్టినా రేపు ఆడిట్ వాళ్లొస్తే అనే మాట దగ్గరికే చేరుతుంది కాబట్టి. వచ్చింది మామయ్య కోసం. పెద్ద బడికి సున్నం, రంగులు వేయించడానికి పైనుంచి డబ్బు వచ్చింది, పని మామయ్యకి అప్పజెప్పాలి. కానీ లోపల కాలు పెట్టే చోటు లేదు. పిల్లలంతా లేచి నిలబడి, మిట్టమధ్యాహ్నం, గుడ్ మార్నింగ్ సార్ అని రాగం తీశారు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయి, ఇలా ఎన్నాళ్లు టీచర్ గారూ అని అమ్మని అడిగాడు. అడగడం మంచిగానే అడిగాడు.

"మీ కొత్త గది వరండా ఇవ్వండి సార్. లోపలికి రాం. వాన ఆగేదాకా వరండాలో కూర్చుంటాం," అంది అమ్మ.

"ఇవ్వాలనే ఉందండీ. రేపు ఆడిట్ వాళ్లొచ్చి, పెద్ద బడి డబ్బుతో కట్టిన వరండాలో చిన్న బడి పిల్లలేం చేస్తున్నారయ్యా అని అడిగితే నేనేం చెప్పను?"

"వాన పడుతోందని చెప్పు," అంది మంచం మీంచి నాయనమ్మ.

హెడ్మాస్టరు గొడుగు మూశాడు. వాన మీద పడేసరికి మళ్లీ తెరిచాడు. మామయ్యతో రంగుల సంగతి గబగబా మాట్లాడేసుకుని వెళ్లిపోయాడు.

రెండు బళ్లూ ప్రభుత్వానివే. ఒకే గేటు, ఒకే ఆవరణ. పాత పెంకుల వరసలో రోడ్డు వైపు చివరి గది చిన్న బడిది, దాన్ని ఆనుకుని ఉన్నవన్నీ పెద్ద బడివి. తేడా అల్లా డబ్బు వచ్చే దారిలో ఉంది. పెద్ద బడి డబ్బు పట్నంలోని పెద్ద ఆఫీసు నుంచి వస్తుంది. చిన్న బడి డబ్బు ఊరి ఆఫీసు ఇవ్వాలి. పట్నం నుంచి బెంచీలొచ్చాయి, ఫ్యాన్లొచ్చాయి, ఆవరణకి అటు చివర స్లాబు వేసిన కొత్త గది వచ్చింది. ఊరి ఆఫీసు నుంచి ఏడాదికోసారి సుద్దముక్కలు, చీపుర్లు వచ్చేవి. ఆ ఏడు చీపుర్లే వచ్చాయి. ఎందుకింత తేడా అని నేను చిన్నప్పుడు మామయ్యని అడిగితే, తల సైజుని బట్టి ఇస్తారేమోనే కోడలా అన్నాడు. చాలా రోజులు అది నిజమనుకున్నాను.

వాన తగ్గి, పిల్లలు ఇళ్లకి వెళ్లాక అమ్మ వేడినీళ్లు పెట్టుకోలేదు. నాన్న ఎదురుగా కూర్చుని, సైగ చేయకుండా, బొంగురు గొంతుతోనే చెప్పింది. చిన్న బళ్లు చూసే సూపర్వైజరు వచ్చి గది పడిపోయేలా ఉందని రాసుకుని వెళ్లాడట. వానలు వెనకబట్టేలోగా కప్పు బాగుచేయిస్తే సరి, లేకపోతే బడి మూసేసి పిల్లల్ని పెద్ద రోడ్డు అవతలి ఊరి బడిలో కలిపేస్తారట. అమ్మని ఎక్కడికి వేస్తారో తెలియదు. ఊరి ఆఫీసుకి వెళ్లి అడిగితే, చిన్న బడి పద్దులో ఈ ఏడు ఏమీ లేదు, వచ్చే ఏడు చూద్దాం అన్నారట.

నాన్న మిషన్ చక్రం మీద చెయ్యి వేసి ఆపాడు. చెల్లి అప్పుడు రెండో తరగతి. అది గుడ్డపీలికలు ఏరుతూ, పెద్ద రోడ్డు నేనొక్కదాన్నే దాటాలా అని అడిగింది.

*

నేను తొమ్మిదో తరగతి. ఆ కొత్త గది మాకే ఇచ్చారు. నున్నటి నేల, అద్దాల కిటికీలు, ఇత్తడి గడియ ఉన్న బరువైన తలుపు. ఆ తలుపు వేస్తే బయట ఊరనేది ఉందన్న సంగతే మర్చిపోవచ్చు. నా బెంచీ సరిగ్గా ఫ్యాన్ కింద. జుట్టు చెదురుతుంటే పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని చదువుకునేదాన్ని. బాగుండేది. బాగుందని అనుకున్నప్పుడల్లా సిగ్గేసేది. విరామంలో తలుపు తీయగానే ఆవరణ ఆ చివరి నుంచి అమ్మ గొంతు వినపడేది. అది పాఠం చెప్పే గొంతులా ఉండేది కాదు, ఎవరినో దూరం నుంచి కేకేస్తున్నట్టుండేది.

క్లాసులో నన్ను గంట అనేవారు. మోగను కాబట్టి. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేదాన్ని తప్ప ఉన్నాను సార్ అనేదాన్ని కాదు. మాస్టర్లు కూడా అలవాటు పడిపోయి నా వంతు వచ్చేసరికి తలెత్తి చూసేవారు. ఆ పేరు పెట్టింది నా పక్కన కూర్చునే రేడియో. దానికి ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. మేమిద్దరం మంచి స్నేహితులం. దానికి వినేవాళ్లు కావాలి, నాకు మాట్లాడేవాళ్లు కావాలి.

వాన కాస్త తెరిపి ఇచ్చిన వారంలో మామయ్య నిచ్చెన, డబ్బాలు మోసుకుని బడికొచ్చాడు. గోడలకి సున్నం వేసి, నడుం ఎత్తులో చుట్టూ నీలిరంగు పట్టీ గీయాలి. అది పెద్ద బడి గుర్తు. పెద్ద బడి డబ్బుతో కొన్న ప్రతిదానికీ ఆడిట్ సారు నీలి పట్టీ వేయిస్తాడు. బెంచీలకి, బకెట్లకి, చెత్తబుట్టలకి, ఆఖరికి గంట కొట్టే సుత్తి పిడికి కూడా. పట్టీ ఉన్న బకెట్లో చిన్న బడి పిల్లలు నీళ్లు పట్టుకుంటే ప్యూను వెనక్కి లాక్కుంటాడు.

మామయ్య పని చూడటం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. రంగుపొడి అద్దిన దారాన్ని గోడ ఈ చివర ఒక మేకుకి, ఆ చివర ఒక మేకుకి బిగించి కట్టి, మధ్యలో రెండు వేళ్లతో లాగి వదుల్తాడు. టప్‌మని చప్పుడు, గోడ మీద వెంట్రుకలాంటి గీత. ఆ గీత వెంట కుంచె నడుస్తుంది. నడుస్తున్నప్పుడు మామయ్య ఎవరితోనూ మాట్లాడడు, తాగమని టీ ఇచ్చినా తీసుకోడు, గీత మూల చేరేదాకా ఊపిరి కూడా ఆచితూచి తీసుకుంటాడు.

పాత వరస అంతా ఒకే పొడుగాటి గోడ. పెద్ద బడి ఎక్కడ అయిపోతుందో, చిన్న బడి ఎక్కడ మొదలవుతుందో గోడకి తెలియదు. మామయ్య దారానికి కూడా తెలియలేదు. సాయంత్రానికి నీలి పట్టీ చిన్న బడి గోడ మీదుగా, గోనె పరదాకి ఇటూ అటూ సాగి, రోడ్డు వైపు మూల దగ్గర ముచ్చటగా ముగిసింది.

హెడ్మాస్టరు చూసి నెత్తి పట్టుకున్నాడు. ఇదేం పనయ్యా, అది మన బడా అని అడిగాడు. మామయ్య కుంచె కడుక్కుంటూ నెమ్మదిగా చెప్పాడు.

"గీత మొదలెట్టాక మూల వచ్చేదాకా ఆపకూడదు సార్. మధ్యలో ఆపితే గోడ తెగినట్టుంటుంది. చూసినవాళ్లు నన్నంటారు, మిమ్మల్ని కాదు."

"నన్నే అంటారయ్యా. ఆడిట్ వాళ్లు నన్నే అంటారు. రేపే దాని మీద సున్నం కొట్టెయ్."

కొట్టేస్తానన్నాడు మామయ్య. కానీ మర్నాటికి మళ్లీ వాన పట్టుకుంది. తడిగోడ మీద సున్నం నిలవదు. పట్టీ అలాగే ఉండిపోయింది. గుమ్మం పక్కన ఆ నీలిరంగు చూసి చిన్నపిల్లలు తెగ మురిసిపోయారు. చెల్లి తన పలక చట్రానికి కూడా పట్టీ వేయమని మామయ్య వెంటపడింది. మామయ్య వేశాడు.

*

పెద్ద బడి గదులకి మరమ్మతుల డబ్బు వచ్చింది. ఏ గదికి ఏం కావాలో చూడటానికి పట్నం నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. పొట్టిగా, చురుగ్గా, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లతో ఉంది. కొలతల టేపు ఆ చివర పట్టుకోవడానికి ఒక పిల్ల కావాలంటే, గోల చేయదని నన్ను పంపారు.

ఆవిడ పట్టీ వెంటే నడిచింది. పట్టీ ఉన్న గదిలోకల్లా వెళ్లి, పైకి చూసి, కొలిచి, రాసుకుంది. పెద్ద బడి గదుల్లో ఒకటి రెండు పెంకులు జారాయంతే. చివర గోనె పరదా తొలగించి లోపలికి చూసి ఆగిపోయింది. లోపల అమ్మ, పిల్లలు, నీళ్లు పడుతున్న చోట గిన్నెలు. ఆవిడ అమ్మ కుర్చీ ఎక్కి, గోడ దగ్గర దూలం పుచ్చిపోయిన చోట వేలితో గుచ్చితే వేలు లోపలికి దిగింది.

"ఇన్ని గదుల్లో ముందు బాగుచేయాల్సింది ఇదేనండీ," అంది హెడ్మాస్టరుతో.

హెడ్మాస్టరు నిజం చెప్పాడు. అది మాది కాదు, చిన్న బడిది, పట్టీ పొరపాటున పడింది అన్నాడు. ఆవిడ మొహం చిన్నబోయింది. రాసిన దాని మీద గీత కొట్టింది. చిన్న బడి మా పద్దులోకి రాదని, తన చేతుల్లో ఏమీ లేదని అమ్మకి చెప్పింది. అమ్మ తలూపింది. ఆ మాట అమ్మకి కొత్త కాదు.

బయటికొచ్చి టేపు చుట్టుకుంటూ ఆవిడ తనలో తను అనుకుంటున్నట్టు అన్న మాట, టేపు ఈ చివర పట్టుకుని ఉన్న నాకు తప్ప ఎవరికీ వినపడి ఉండదు.

"పట్టీ ఎవరిదైతే నాకేం? పెద్ద బడి పిల్లలు కూర్చుని చదువుకుంటుంటే అది పెద్ద బడి గదే."

మళ్లీ వచ్చే వారం వచ్చి ఖాయం చేస్తానని చెప్పి వెళ్లింది. టేపు నా చేతిలోంచి జారి సర్రున వెళ్లిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడ్డాను.

ఆ సాయంత్రం నాన్న చొక్కాకి కాజాలు కుడుతుంటే పక్కన కూర్చున్నాను. చాలాసేపు దారపు ఉండలు సర్ది, సర్దినవే మళ్లీ సర్ది, చివరికి నా మనసులో ఉన్నది చెప్పాను. మేం వెళ్లి చిన్న బడి గదిలో కూర్చుంటే? చిన్నపిల్లలు వచ్చి మా గదిలో కూర్చుంటే? ఎవరి గదీ ఎవరూ తీసుకున్నట్టు కాదు కదా, మార్చుకున్నట్టే కదా?

నాన్న సూది ఆపి నా వైపు చూశాడు. ఇంత పొడుగు మాట నా నోటివెంట వినడం ఆయనకి అలవాటు లేదు. అమ్మతో చెప్పావా అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను. అమ్మ ఒప్పుకోదని నాకు తెలుసు. తన బడి కోసం వేరే పిల్లల్ని వానలో కూర్చోబెట్టే మనిషి కాదు.

"అయితే మీ హెడ్మాస్టరుకి చెప్పాలి."

"నువ్వు చెప్పు నాన్నా."

"నేను చెబితే టీచరు మొగుడు చెప్పినట్టవుతుందమ్మా. అక్కడ కూర్చోవాల్సింది మీరు. కూర్చునేవాళ్లు చెబితేనే బాగుంటుంది."

మంచం మీద నాయనమ్మ, నిద్రపోతోందనుకున్న మనిషి, దాని చేత చెప్పించడం కంటే మనమే కొత్త బడి కట్టుకోవడం తేలికరా అంది. నాన్న నవ్వాడు. నాకు రోషం వచ్చింది. ఆ రాత్రి డైరీలో ఒకే వాక్యం రాశాను: రేపు చెబుతాను. మర్నాడు కూడా అదే వాక్యం రాశాను. ఆ మర్నాడూ అంతే.

*

మాకు లెక్కలు హెడ్మాస్టరే చెప్పేవాడు. ఇంజనీరమ్మ రావాల్సిన రోజు దగ్గరపడింది. ఆ పూట ఆయన బోర్డు మీద వృత్తం గీస్తుంటే నేను చెయ్యి ఎత్తాను. ఆయన వెనక్కి తిరిగి, బయటికి వెళ్లాలేమో అనుకుని, వెళ్లిరా అన్నాడు.

లేచాను. తలుపు దాకా నడిచాను. గడియ మీద చెయ్యి కూడా వేశాను. ఇత్తడి చల్లగా తగిలింది. తలుపు తీసి ఉంటే అంతటితో అయిపోయేది. తీయలేదు. వెనక్కి తిరిగాను.

"సార్, మేం చిన్న బడి గదిలో కూర్చుంటాం."

హెడ్మాస్టరు చేతిలో సుద్ద అలాగే ఉండిపోయింది. నేను మాట్లాడినందుకో, మాట్లాడిన దానికో, క్లాసంతా నా వైపు తిరిగింది. ఇంజనీరమ్మ అన్న మాట చెప్పాను. పెద్ద బడి పిల్లలు కూర్చుంటే అది పెద్ద బడి గదే అవుతుందట, కప్పు వేస్తారట, మా గది అప్పటిదాకా వాళ్లకిద్దామని చెప్పాను.

"అక్కడ వాన పడుతుందే," అంది రేడియో.

"పడాలి," అన్నాను. "ఇంజనీరమ్మ వచ్చిన రోజు పడాలి."

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు వెనక బెంచీల దాకా పాకింది. ఎగతాళి నవ్వు కాదని నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. చిన్న బడిలో అమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకోని వాళ్లు ఆ గదిలో ఒక్కరు కూడా లేరు. కారే చోట్లన్నీ అందరికీ తెలుసు. కిటికీ పక్కన పడదు, నల్లబోర్డు ముందు పడుతుంది, నేను నా పాత చోటే తీసుకుంటా అని రేడియో అప్పుడే చోట్లు పంచడం మొదలుపెట్టింది.

హెడ్మాస్టరు కిటికీ దగ్గరికి వెళ్లి ఆవరణ అవతలికి చూస్తూ నిలబడ్డాడు. రేపు ఆడిట్ వాళ్లొస్తే అన్నాడు. అని, ఆగాడు. ఆ వాక్యం ఆయన పూర్తి చేయకుండా వదిలేయడం మేం చూసింది అదే మొదటిసారి. చేతికంటిన సుద్ద దులుపుకుని మా వైపు తిరిగాడు.

"వస్తే, గదులు మార్చుకున్నాం అని చెబుతా. నా ఆవరణలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో చూసుకునేది నేనేగా." తర్వాత నా వైపు చూసి, "బెంచీలు మాత్రం మీరే మోయాలి," అన్నాడు.

మోశాం. బడిలో అంత గోల నేనెప్పుడూ వినలేదు. మేం బెంచీలతో అటు వెళ్తుంటే చిన్నపిల్లలు చాపలు నెత్తిన పెట్టుకుని ఇటు వచ్చారు. మధ్యలో అమ్మ నిలబడిపోయింది. ఇదెవరి ఆలోచన సార్ అని హెడ్మాస్టరుని అడిగింది. ఆయన నా వైపు చూపించకుండా, తొమ్మిదో తరగతి వాళ్లదండీ, నన్నొక మాటైనా మాట్లాడనివ్వలేదు అన్నాడు. అది పచ్చి అబద్ధం. అంత మంచి అబద్ధం ఆయన ఇంకెప్పుడూ ఆడి ఉండడు.

*

వాన మా మాట నిలబెట్టింది. గొడుగుల కింద కూర్చుని చరిత్ర చదివాం. నాన్న ఎరువుల సంచుల ప్లాస్టిక్ కలిపి కుట్టి పుస్తకాలకి తొడుగులు పంపించాడు. కిరాణాకొట్టాయన తన కొడుకు తడుస్తున్నాడని గొడవకొచ్చి, పరదా తొలగించి లోపలికొచ్చి, పైకి చూసి, ఇది ఇంకా ఇలాగే ఉందా అన్నాడు. ఆయనా అక్కడ చదువుకున్నవాడే. తర్వాత వెళ్లి, కొట్లోంచి రెండు ఖాళీ డబ్బాలు పంపించాడు, నీళ్లు పట్టడానికి.

ఇంజనీరమ్మ వచ్చిన రోజు పొద్దుటి నుంచి కుండపోత. బూట్లు చప్పుడు చేసుకుంటూ లోపలికొచ్చి, ఇంతింత పెద్దవాళ్లం గొడుగులేసుకుని బెంచీల్లో కూర్చుని ఉండటం చూసింది. ఆవిడకి నవ్వొచ్చింది గాని బయట పడనివ్వలేదు. హెడ్మాస్టరు నోరు తెరవబోతే, మీరుండండి సార్ అని, ముందు బెంచీలో ఉన్న నా దగ్గరికొచ్చింది. టేపు పట్టిన పిల్లనని గుర్తుపట్టింది.

"ఇది ఎవరి గదమ్మా?"

"మాది," అన్నాను. పెంకుల మీద వాన హోరులో ఆవిడకి వినపడలేదు. చెవి నా నోటి దగ్గర పెట్టి వంగింది. నేను లేచి నిలబడ్డాను. అమ్మ రోజూ ఇక్కడ నిలబడి ఎంత గట్టిగా అంటుందో అంత గట్టిగా అన్నాను.

"మాది. తొమ్మిదో తరగతిది."

వెంటనే వెనక నుంచి అందరూ మాది, మాది అన్నారు. రేడియో ఒక్కతే రెండు మూడుసార్లు అంది. ఇంజనీరమ్మ కాగితం మీద ఒక చుక్క పడి సిరా చెదిరింది. ఆవిడ దాన్ని తుడుచుకోకుండా, దాని పక్కనే రాసుకుంది. దూలాలు, పెంకులు, కిటికీలు, అని పైకే చెప్పుకుంటూ రాసి, గోనె పరదా పట్టుకుని చూసి, తలుపు కూడా అంది. గేటు దగ్గర హెడ్మాస్టరు, బాగుచేశాక ఏ గదిలో ఎవరుంటారో మరి అని నసిగితే, కట్టడం వరకే మా పని, కూర్చోబెట్టుకోవడం మీ పని అని చెప్పి జీపెక్కింది.

ఆ సాయంత్రం అమ్మ వేడినీళ్ల గ్లాసు పట్టుకుని నా పక్కన కూర్చుంది. అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. అమ్మ ఆ గ్లాసులో ఇంకాస్త ఉప్పు వేసి నా చేతికిచ్చింది. పుక్కిలించమని సైగ చేసింది, ఇంకా వేడిగా ఉందని నేనూ సైగ చేశాను. నాయనమ్మ మంచం మీంచి చూసి, ఇక ఈ ఇంట్లో సైగలు చేసేవాళ్లు ఇద్దరయ్యారు, నాకు కళ్లద్దాలు కొనండి అంది.

కూలీలు వచ్చారు. పుచ్చిన దూలాలు దించారు, కొత్తవి ఎక్కించారు. అన్నాళ్లూ మేం పెద్ద బడి వరండాలో కూర్చున్నాం. సూపర్వైజరు వచ్చేసరికి చిన్న బడి స్లాబు కింద, ఫ్యాన్ కింద, నున్నటి నేల మీద పాఠం చెప్పుకుంటోంది. మూసేయడానికి ఆయనకి ఏ కారణమూ కనపడలేదు. గదంతా తిరిగి చూసి, మా అబ్బాయి బడి కూడా ఇలా ఉండదండీ అని అమ్మతో అని వెళ్లాడు. చెల్లి పెద్ద రోడ్డు దాటే అవసరం రాలేదు.

పాత గది బాగైన రోజున హెడ్మాస్టరు మా క్లాసుకొచ్చి, ఎవరి గది వాళ్లు తీసుకుంటారా అని అడిగాడు. కొత్త పెంకుల కింద, కొత్త కిటికీల పక్కన, నీలి పట్టీ ఉన్న మా గదిలో కూర్చుని ఉన్నాం. ఎవరూ లేవలేదు. ఆయన కూడా రెండోసారి అడగలేదు. మామయ్య వచ్చి, ఇంతకీ పట్టీ మీద సున్నం కొట్టాలా వద్దా సార్ అని అడిగితే, ఉండనీ, గీత బాగా వచ్చింది అన్నాడట. మామయ్య ఆ మాట ఊరంతా చెప్పుకున్నాడు.

వానలు వెనకబట్టాయి. ఆ పొద్దున ఆవరణలో ఎండ. నేను మా బడి గంట మోగకముందే వచ్చి, ఆవరణ దాటి, అమ్మ గది గుమ్మంలో నిలబడ్డాను. పిల్లలు వరసగా కూర్చున్నారు. చెల్లి నీలి పట్టీ పలక ఒళ్లో పెట్టుకుని ఫ్యాన్ కింద, నా పాత చోట్లో ఉంది. అమ్మ బోర్డు తుడిచి, కొత్త సుద్దముక్క తీసుకుని, నన్ను చూసింది.

"ఏమిటే?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే నీ బడికి నువ్వెళ్లు. ఇక్కడ పాఠం మొదలవుతోంది."

అని, వచ్చి నా మొహం మీదే తలుపు వేసేసింది. లోపల ఇత్తడి గడియ పడిన చప్పుడైంది. రోడ్డు మీద లారీ ఒకటి వెళ్లింది. చెవి తలుపుకి ఆనించి విన్నాను. అమ్మ పాఠం చెబుతోంది. బయటికి ఒక్క మాట కూడా వినపడలేదు.